పిలిస్తే పలికే దూరం

మన పెద్దలు దూరాన్ని క్రోసులలోనూ ఆమడలలోనూ కొలిచేవారు. వీటితోపాటు 'పిలిస్తే పలికే దూరం' అన్న మరొక కొలత కూడా వారికి ఉండేది. అది గజాలలో చెప్పగలిగినది కాదు. పిలుపునకు బదులు వచ్చిందా లేదా అన్నదే దాని లెక్క. నేడు మన ఇళ్ళలోని కంప్యూటరు ఎక్కడో ఉన్న మరొక కంప్యూటరును అందుకోగలదా లేదా అని తేల్చడానికి వాడే కొలత కూడా సరిగ్గా ఇదే. దానిని గురించి నాలుగు మాటలు చెప్పి, అది నాకు నేర్పిన ఒక గుణపాఠాన్ని పాఠకులతో పంచుకోవాలన్నదే నా ఉద్దేశం.

ఈ కొలతకు పేరు 'పింగ్'. 1983 డిసెంబరులో అమెరికా సైన్యపు బాలిస్టిక్ పరిశోధనాలయంలో పనిచేస్తున్న మైక్ మూస్, నెట్‌వర్క్‌లో తలెత్తిన ఒక చిక్కును విడదీయడానికి ఈ చిన్న ప్రోగ్రామును రాశాడు. నీటి అడుగున ఉన్న వస్తువులను కనిపెట్టే సోనార్ చేసే శబ్దాన్నే దానికి పేరుగా పెట్టాడు. పూర్వం తపాలా కార్యాలయంలో జవాబు కార్డు దొరికేది. జంటగా ఉండే ఆ కార్డులలో ఒకదానిపై మనం క్షేమసమాచారం అడిగితే, రెండవదానిపై అవతలివారు జవాబు రాసి పంపేవారు. పింగ్ చేసే పని అంతకంటె వేరు కాదు. కాకపోతే ఆ జవాబు రోజులలో కాక సెకనులో వెయ్యోవంతుల లెక్కన వస్తుంది.

జవాబు రాకపోతే? దారి ఎక్కడ తెగిందో వెతకాలి. మన రైలు ప్రయాణమే తీసుకుందాం. రాయపూర్ నుండి విశాఖపట్నం వెళ్ళే బండి మహాసముంద్, టిట్లాగఢ్, రాయగడ, పార్వతీపురం, విజయనగరం మీదుగా సాగుతుంది. ఒక మనిషిని మొదటి మజిలీ వరకే టికెట్టు కొని పంపి, 'చేరాను' అని అక్కడినుండి కబురు చేయమంటాం. రెండవ మనిషిని రెండవ మజిలీ వరకు పంపుతాం. ఏ మజిలీ నుండి కబుర్లు ఆగిపోయాయో, చిక్కు ఆ చుట్టుపక్కలనే ఉన్నదని ఊహించవచ్చు. 'ట్రేస్‌రూట్' పద్ధతి ఇదే. ప్రతి ప్యాకెట్టుకూ ఒక అంకెను కట్టి పంపుతారు. దారిలోని ప్రతి రూటరూ అందులోనుండి ఒకటి తగ్గిస్తుంది. అంకె సున్నా అయిన చోటి రూటరు ఆ ప్యాకెట్టును ఆపివేసి, గడువు ముగిసిందని తన చిరునామాతో కబురు పంపుతుంది. 1 నుండి మొదలుపెట్టి అంకెను పెంచుతూ పోతే దారి అంతా మన కళ్ళ ముందు నిలుస్తుంది.

2013లో విండోస్ 8.1తో వచ్చిన 'టెస్ట్-నెట్‌కనెక్షన్' అనే పవర్‌షెల్ ఆజ్ఞ ఈ రెండు పనులనూ చేస్తుంది. అంతేకాక, కోరిన పోర్టు తెరిచి ఉన్నదో లేదో కూడా చెబుతుంది. ఇది ముఖ్యం. భద్రత కోసం పింగ్‌కు బదులు ఇవ్వని కంప్యూటర్లు చాలా ఉన్నాయి. వీధిలోనుండి పిలిస్తే పలకనివాడు తలుపు తడితే తీయవచ్చు. కాబట్టి ఒక్క పింగ్ పలకనంత మాత్రాన అవతల ఎవరూ లేరని తీర్మానించరాదు.

ఇంత తెలిసిన నేను చేసిన పొరపాటు ఇక వినండి.

2020లో మా అమ్మాయి ఉతైలోని మా ఇంటినుండే ఉద్యోగం చేయవలసి వచ్చింది. కొత్త ఉద్యోగం, ఇంకా ఖాయం కాలేదు. రోజుకు రెండు మూడుసార్లు ఇంటర్నెట్ హఠాత్తుగా ఆగిపోయేది. నాలుగైదు నిమిషాలలో దానంతట అదే వచ్చేది. ఒకనాటి సాయంత్రం పై అధికారులతో మాట్లాడుతుండగానే ఆగిపోయింది. అమ్మాయి కళ్ళనీళ్ళు పెట్టుకుంది. నేను ఫోను తీసి, మా వీధికి లైను చూసే కుర్రవాణ్ణి నోటికి వచ్చినట్లు అన్నాను.

అతను వచ్చాడు. స్తంభం ఎక్కి చూశాడు. కనెక్టరు మార్చాడు. "బయట లైను బాగానే ఉంది సాబ్" అన్నాడు. మర్నాడు మళ్ళీ ఆగింది. మళ్ళీ పిలిచాను. ఆ ఎండలో మూడుసార్లు అతనిచేత స్తంభం ఎక్కించాను. మూడవసారి, "పని రాకపోతే రాదని చెప్పు" అని కూడా అన్నాను. అతను తల వంచుకుని వెళ్ళిపోయాడు.

అతని తప్పును రుజువు చేయాలన్న పంతంతోనే ఆ రాత్రి ఒక చిన్న స్క్రిప్టు రాశాను. ప్రతి అర నిమిషానికీ అది మూడు చిరునామాలను పిలవాలి: ఇంట్లోని రూటరు, దాని తరువాతి మజిలీ, దూరాన ఉన్న ఒక సర్వరు. ఎవరు పలికారో, ఎవరు పలకలేదో వేళతో సహా ఒక ఫైలులో రాయాలి. రెండు రోజులు నడిపి ఫైలు తెరిచాను. ఆగిన ప్రతిసారీ మూడూ పలకలేదు. అంటే బయటి లైను మాట దేవుడెరుగు, నా ఇంట్లో, బల్లకు నాలుగడుగుల దూరంలో ఉన్న రూటరే పలకలేదు!

ఆ వేళలను పైకి చదువుతూ ఉంటే, వంటింట్లోనుండి మా ఆవిడ, "అవి నేను నీళ్ళ మోటారు వేసే వేళలు కదండీ" అన్నది.

గోడలోని జంక్షను పెట్టె విప్పి చూస్తే ఒక తీగ ముడి వదులై నల్లబడి ఉంది. మోటారు మొదలయ్యే క్షణంలో మామూలుకంటె ఐదారు రెట్లు విద్యుత్తు లాగుతుంది. ఆ క్షణాన ఆ ముడి వద్ద వోల్టేజి పడిపోయి, అదే తీగపై ఉన్న రూటరు ఆరి, మళ్ళీ మొదటినుండి లేచేది. ఇల్లు కట్టినప్పుడు ఖర్చు తగ్గుతుందని రెండింటికీ ఒకే తీగ వేయించినది మరెవరో కాదు, ఇంజనీరునైన నేనే.

ముడి బిగించి, మోటారుకు వేరే తీగ వేయించాను. ఆ తరువాత ఆ కుర్రవాణ్ణి ఇంటికి పిలిచాను. మళ్ళీ తిట్లు తినవలసి వస్తుందేమోనని గుమ్మం బయటనే నిలబడ్డాడు. లోపల కూర్చోబెట్టి, తప్పు నాదని చెప్పి, కనెక్టర్ల డబ్బు చేతిలో పెట్టాను. అతను డబ్బు కంటె ఆ ఫైలునే ఎక్కువ ఆసక్తితో చూశాడు. "ఇది నాకూ నేర్పండి సాబ్. నన్ను తిట్టేవాళ్ళకు చూపిస్తాను" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు కానీ, ఆ మాట నన్ను ముల్లులా గుచ్చింది. ఒక గంట కూర్చోబెట్టి నేర్పాను.

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. దారిని వెతికేవానికి ఇంతకంటె మంచి సూత్రం లేదు. మొదటి ప్రశ్న మన ఇంటి రూటరుకు, తరువాతిది పొరుగు మజిలీకి, చివరిది దూరదేశానికి. నేను ఆ వరుసను తలక్రిందులు చేసి, స్తంభం మీదివానినుండి మొదలుపెట్టాను. యంత్రాల విషయంలో అది రెండు రోజుల శ్రమ మాత్రమే. మనుషుల విషయంలో అది ఒకరి మనసుకు గాయం. బదులు రాని ప్రతిచోటా ఎదుటివారిని నిందించే ముందు, మన గోడలోని ముడి గట్టిగా ఉన్నదో లేదో ఒక్కసారి చూసుకోవడం మంచిది.