సిరికొండలో ఉరుముల కాలము

నిజామాబాదు పట్టణమునుండి ధర్పల్లి మార్గమున తూర్పుగా సాగు బస్సు వరిమళ్ళను, పసుపుచేలను దాటి మెల్లమెల్లగా గుట్టల చెంతకు చేరును. అట్టి గుట్టలకును అడవులకును దాపున నున్నది సిరికొండ. పేరునందే సిరియు కొండయు రెండును గలవు. మావారికి ఇచటి పాఠశాలకు బదిలీ యగుటచే మే మీ యూరికి వచ్చి కాపురము పెట్టితిమి.

ఇంతకుమునుపు మేము బోధనుదిక్కున నుంటిమి. 1937లో స్థాపింపబడి 2015లో మూతవడిన చక్కెర కర్మాగారమువలన ప్రసిద్ధి కెక్కిన ప్రాంత మది. అచటి భూమి చదునైనది. మబ్బు పట్టినచో చాల ముందుగనే ఆకాశపుటంచున నల్లని గోడవలె కానవచ్చును. ఆరవేసిన బట్టలు తీసికొనుటకును, వడియములు లోపల పెట్టుకొనుటకును వ్యవధి దొరకును. సిరికొండలో నట్లు గాదు. గుట్టల వెనుక పుట్టిన మేఘము మన తలమీదికి వచ్చువఱకు కంటబడదు. ఎండ కాయుచుండగనే గాలిదుమారము లేచును. తలుపులు మూయులోపల మెఱుపు, మెఱుపు వెంట ఉరుము. గుట్టలు ఆ ధ్వనిని ఒకదానికొకటి అందించుకొనుటచే ఒక్క యురుము పదిగా వినవచ్చును.

చైత్రవైశాఖములలో ఈ హడావుడి యెక్కువ. అప్పుడే వరికోతలు ముగిసి ధాన్యము కళ్ళములలో రాసులుగా నుండును. మామిడికాయ చెట్టుననే యుండును. అడవికి పోయి తునికాకు కోయు ఆడువారు చీకటితో బయలుదేరి పొద్దెక్కినపిదప తిరిగి వత్తురు. ఇట్టి సమయమున రాళ్ళవాన కురిసినచో రైతు సంవత్సరపు శ్రమ ఒక్క గడియలో నేలపాలగును. కనుక ఈ యూరిలో మబ్బును జూచి గుండె ఝల్లుమనని యిల్లు లేదు. మాకు కలిగిన భయము మాత్రము పంటను గుఱించినది కాదు. కేవలము ఉరుమును గుఱించినది. చిన్ననాటినుండియు మమ్ము విడువని భయ మది. మా పిల్లలకును అది అంటుకొనుచుండుట చూచినప్పుడు, దీనికొక యుపాయ మాలోచింపక తప్పదని తోచినది.

మా పుట్టినింట ఉరిమినప్పుడెల్ల పెద్దలు మమ్ములను దగ్గఱకు దీసికొని అర్జునుని పది నామములు చెప్పించెడివారు. మీ యిండ్లలోను ఇదే వాడుక యుండును. పిడుగు ఇంద్రుని వజ్రాయుధము, అర్జునుడు ఇంద్రతనయుడు, కొడుకు పేరు విన్న తండ్రి చేయి వెనుకకు దీయునని మన పెద్దల విశ్వాసము. అయితే ఆ పది నామములు భారతమున ఎచట వచ్చినవో జ్ఞప్తికి దెచ్చికొందము. విరాటపర్వమున కౌరవసేనను జూచి ఉత్తరకుమారుడు వడవడ వణకి, రథము దిగి పాఱిపోయెను. బృహన్నల వానిని పట్టి తెచ్చి, శమీవృక్షమునుండి ఆయుధములు దింపించి, తానే అర్జునుడ నని చెప్పెను. అట్లయిన నీ పది పేరులు చెప్పుమని యుత్తరు డడిగెను. అర్జునుడు పేరులు మాత్రమే చెప్పి యూరకుండలేదు. ధనంజయు డననేల, సవ్యసాచి యననేల, శ్వేతవాహను డననేల అని ఒక్కొక్కదాని కర్థమును విడమరచి చెప్పెను. అర్థము తెలిసినపిదప నుత్తరుని భయము తీఱినది. పాఱిపోయినవాడే ఆ రథమునకు సారథి యయ్యెను. పేరుతోబాటు అర్థమును తెలియవలె నన్నమాట.

కావున ఉరుమునకును అర్థము తెలిసికొన గోరితిమి. మావారు తరగతిలో పిల్లలకు జెప్పు పాఠమునే మాకును జెప్పిరి. వేసవిలో కాగిన నేలమీది తేమగాలి పైకి లేచి, పది పన్నెండు కిలోమీటర్ల యెత్తుదాక మేఘమై పెరుగును. అంత యెత్తున చలి గొప్పది. అచట సన్నని మంచుపలుకులును, వడగండ్లవంటి బరువైన పలుకులును, మనము చల్ల చిలికినప్పుడు కవ్వము చుట్టు మీగడ తిరుగునట్లు, పైకి క్రిందికి తిరుగుచు ఒండొంటిని ఒరసికొనును. ఆ యొరపిడిచే విద్యుత్తు వేఱుపడి మేఘముపైని ఒక విధమును, అడుగున నొక విధమును చేరును. ఆ రెంటినడుమ గాని, మేఘమునకును నేలకును నడుమ గాని అది దుమికినప్పుడు మెఱుపగును. ఆ దారిలోని గాలి క్షణములో సుమారు 30,000 డిగ్రీల వేడిమి పొంది బ్రద్దలైనట్లు వ్యాపించును. ఆ చప్పుడే యురుము. మెఱుపుదారి కిలోమీటర్ల పొడవున నుండుటచే దగ్గఱికొనధ్వని ముందును, దూరపుకొనధ్వని వెనుకను చేరి గడగడమని దొరలినట్లుండును. మేఘమునకును పిడుగునకును గల యీ విద్యుత్సంబంధమును బెంజమిన్ ఫ్రాంక్లిన్ మొదలగువారు 1752 ప్రాంతమున పరీక్షించి తెలిపిరి.

వెలుగు తక్షణమే కంటిని చేరును. ధ్వని కిలోమీటరునకు సుమారు మూడు సెకండ్లు తీసికొనును. మా పిల్లలకు గడియారము చూచి లెక్కించుటకంటె అర్జునుని నామములు చెప్పుటే తేలిక. మెఱుపు కనబడినది మొదలు సెకండున కొక నామము చొప్పున నెమ్మదిగా చెప్పింతుము. పది నామములును ముగిసినపిదప ఉరిమినచో ఆ మెఱుపు మూడు కిలోమీటర్లకు పైబడిన దూరమున మెఱసినది. మూడావృత్తులు పూర్తియైనచో పది కిలోమీటర్లు. ఇట్లు లెక్కించుటలో మునిగిన పిల్లలు ఏడ్చుట మఱచిరి. చెవులు మూసికొనెడు చిన్నది ఇప్పుడు ఉరుముకొఱకు చెవి యొగ్గి యుండును.

మా వాకిట మజ్జిగకు వచ్చు అవ్వ యొకతె ఈ లెక్క విని నవ్వి, "ఉరుము ఇనవడ్డదంటె ఆ పిడుగు మన మీద పడనట్టే గద, పంతులమ్మా! పోయినదాని కేం భయం? వచ్చేదాని కాడ పైలంగ ఉండాలె" అన్నది. మా వారి పాఠమంతయు ఆ ముసలియామె రెండు మాటలలో నిమిడినది.

పైలముగా నుండుట యన నేమి? మన దేశమున 2022లో పిడుగుపాటున 2,887 మంది మృతి చెందిరని ప్రభుత్వ లెక్కలు తెలుపుచున్నవి. పిడుగు ఎత్తైనదానిని వెదకును. చెట్టు క్రింద నిలిచినవారికి చెట్టుమీద బడిన పిడుగు ప్రక్కకు దుమికియు, నేలగుండ ప్రాకియు తగులును. అయినను భయపడినవారి కాళ్ళు చెట్టునొద్దకే పోవును. ఆషాఢమున నొకనాటి మధ్యాహ్నము పాఠశాల ప్రక్కపొలమున నాటు వేయుచున్న ఆడువారు గాలిదుమారము రాగానే గట్టుమీది వేపచెట్టు క్రిందికి పరుగిడిరి. రెండు నామములు చెప్పులోపలనే ఉరిమినది. మేము వరండాలో నిలిచి గొంతెత్తి పిలిచితిమి. కొందఱు వచ్చిరి; కొందఱు "చెట్టున్నది గద" యని సందేహించిరి. పిల్లలందఱు కూడి కేకలు వేయగా తుదకు అందఱును తడిసి గదిలోనికి వచ్చిరి. ఆనాడు ఆ చెట్టుమీద పిడుగు పడలేదు. పడలేదు గనుక మా కేకలు వ్యర్థమని మే మనుకొనలేదు. అటుపిమ్మట వారు మబ్బు పట్టగానే పాఠశాల గదికే వచ్చుచున్నారు.

ఉరుము వినబడినంతనే గట్టి కప్పు గల యింటిలోనికి గాని, తలుపులు మూసిన బస్సులోనికి గాని పోవుట మేలు. కడపటి యురుముపిదప అరగంట గడచువఱకు బయటికి రారాదు. ఇంట నున్నవారు కిటికీ ఊచలను, కొళాయిని, తీగెతో గోడకు తగిలించిన వస్తువులను తాకరాదు. బయలున చిక్కినవారు ఒకరికొకరు ఎడముగా, పాదములు రెండును చేర్చి గొంతుకూర్చుండవలెను, నేలమీద పండుకొనరాదు. పిడుగు తగిలినవారి దేహమున విద్యుత్తు నిలిచి యుండదు; వెంటనే తాకి సాయము చేయవచ్చును. కొన్నిచోట్ల వారిని పేడలో పాతిపెట్టుట కలదు. అది ప్రాణము నిలుపదు. ఊపిరి చూచి, ఆగినచో ఱొమ్ము నొత్తుచు, 108కి పిలువవలెను. పుణెలోని భారతీయ ఉష్ణమండల వాతావరణ పరిశోధన సంస్థవారి 'దామిని' యను సాధనము చేతిఫోనులో నున్నచో చుట్టు 20, 40 కిలోమీటర్ల లోపల మెఱుపుల సమాచారము తెలియును.

ఇక సుడిగాలిమాట. ఎండలో పొలమునడుమ ఆకులను దుమ్మును ఎత్తి తిరుగు చిన్న సుడి వేఱు. అది నేలవేడిచే పుట్టి కొంతసేపటికే అణగును. మహామేఘమునుండి క్రిందికి దిగు సుడిగాలి వేఱు. మన ప్రాంతమున అది అరుదు. అయినను 2024 ఆగస్టు 31న ములుగు జిల్లా తాడ్వాయి, మేడారము నడుమ అడవిలో పెనుగాలి వీచి వేలకొలది వృక్షములను వ్రేళ్ళతో పెకలించినది. అది సుడిగాలియో, మేఘమునుండి నేలకు విరుచుకొనిపడిన గాలియో యని శాస్త్రజ్ఞులు పరిశీలించిరి. ఆ గాలి ఊళ్ళమీదికి రాకపోవుట అదృష్టము. అట్టి వేళ అడవిలోను, రేకులకప్పు క్రిందను ఉండక, గట్టి యింటి నడిమిగదిలో, కిటికీలకు దూరముగా నుండవలెను.

సోదరీమణులారా, మాకు ఉరుమన్న నేటికిని గుండె కొంచెము అదరును. అదరినను చేతులు తమ పని తాము చేయుచున్నవి: తలుపు మూయును, బిడ్డను పిలుచును, పొలమువైపు చూచును. మీ యింటి పిల్లలకు అర్జునుని నామములు తప్పక నేర్పుడు. వానితోబాటు లెక్కను, చెట్టును విడిచి యింటికి వచ్చు బుద్ధిని కూడ నేర్పుడు. వచ్చు వేసవి మబ్బులు గుట్ట దాటకమునుపే ఈ మాట మీ పొరుగున పొలము పోవు ఆడువారి చెవిని వేయుడు.