బల్లారాట్ వాగులో బంగారు రజను

మెల్‌బోర్న్ నగరానికి పడమరగా సుమారు 110 కిలోమీటర్ల దూరంలో బల్లారాట్ పట్టణం ఉన్నది. 1851లో అక్కడ బంగారం బయటపడింది. విక్టోరియా రాష్ట్రపు ప్రాథమిక పాఠశాలల్లో చదివే పిల్లలు చాలామంది ఏదో ఒక ఏడు బస్సెక్కి ఆ ఊరు చూసివస్తారు. మా పిల్లల బడివారు కూడా ఐదవ తరగతికి రెండు రోజుల శిబిరం ఏర్పాటు చేసి, సహాయకులుగా రాగల తల్లిదండ్రులు పేర్లివ్వమన్నారు. అలా వెళ్ళినవారిలో తెలుగు తల్లులం ఇద్దరం. ఈ వ్యాసంలో 'మేము' అన్నది ఆ ఇద్దరినే. ఒకరిది కుప్పం, ఒకరిది నరసాపురం. మొదటి రోజు సంగతులే ఇక్కడ రాస్తున్నాము. రెండవ రోజు వానకే సరిపోయింది.

సావరిన్ హిల్ 1970లో తెరిచిన ఆరుబయటి ప్రదర్శనశాల. 1850ల నాటి వీధిని, దుకాణాలను, గుడారాలను అక్కడ తిరిగి కట్టి నిలిపారు. గుర్రపు బండ్లు తిరుగుతాయి, కమ్మరి కొలిమి మండుతూ ఉంటుంది. వీధినంతా పిల్లలు గంటలో చుట్టేశారు. మిఠాయి కొట్టు ముందు మాత్రం వారిని కదిలించడం మా తరం కాలేదు. అన్నిటికన్నా ముందు మార్గదర్శకురాలు పిల్లలను కూర్చోబెట్టి, ఈ నేల వాదవురుంగ్ ప్రజలదని, బంగారం కోసం వచ్చిపడ్డవారు కొద్ది ఏళ్ళలోనే వారి వాగులను తవ్వి మట్టి కుప్పలుగా మార్చారని చెప్పింది. ఈ మాట మొదటే చెప్పడం మాకు నచ్చింది.

తరువాత వాగు దగ్గరికి వెళ్ళాము. తలా ఒక రేకు పళ్ళెం ఇచ్చారు. గులకరాళ్ళ మట్టిని పళ్ళెంలోకి ఎత్తుకొని, నీటిలో ముంచి, మెల్లగా గుండ్రంగా తిప్పుతూ, పైకి తేలిన బురదను అంచు మీదుగా జారవిడవాలి. బంగారం నీటికన్నా 19 రెట్లు బరువు. ఇసుక రెండున్నర రెట్లే. కనుక ఎంత తిప్పినా బంగారం అడుగునే ఉండిపోతుంది. పిల్లలు తొందరపడి పళ్ళెంలో ఉన్నదంతా వాగులోకి కుమ్మరిస్తుంటే, నరసాపురం ఆవిడ వంగి పళ్ళెం అందుకొని, "ఇది బియ్యం గాలించడమే కదమ్మా!" అన్నది. మన ఇళ్ళలో వెనుక బియ్యాన్ని ఇలాగే గాలించేవారు. తేడా ఒక్కటే: అక్కడ అడుగున మిగిలిన రాళ్ళను పారబోసి పైనున్న బియ్యాన్ని ఉంచుకుంటాము, ఇక్కడ అడుగున మిగిలినదే కావాలి. రాళ్ళు లేని బియ్యం సంచులు చూసి పెరిగిన మన పిల్లలకు ఆ మాట కొత్త. 'ఊరంతా గాలించారు' అన్నప్పుడు వెదకడమనే అర్థం ఇక్కడినుండే వచ్చి ఉంటుందని మేము మాట్లాడుకున్నాము.

నరసాపురంలో కంసాలి వీధి మట్టిని ఊడ్చుకుపోయి, కాలువలో కడిగి, అందులోని బంగారు రజను ఏరుకుని బతికేవారు ఉండేవారట. ఆవిడ వాళ్ళ అమ్మమ్మ చెప్పేది. ఆ సంగతి విన్నాక మా గుంపు పిల్లలు మరింత ఓపికగా కూర్చున్నారు. గంట గడిచేసరికి పదకొండుమందికి కలిపి నాలుగు నలుసులు దొరికాయి. నీళ్ళు నింపిన చిన్న గాజు సీసాలో వాటిని వేసి ఎండకు పట్టి చూశారు. నాలుగూ కలిపినా గురిగింజ ఎత్తులో వందోవంతు ఉండదు. గురిగింజ అంటే ఏమిటో చెప్పడానికి మాకు ఇంకో పది నిమిషాలు పట్టింది.

మధ్యాహ్నం గనిలోకి దిగాము. చీకటి, తడి గోడలు, తల తగిలేంత కప్పు. పిల్లలు అరుపులు మాని ఒకరి చేయి ఒకరు పట్టుకున్నారు. కుప్పం ఆవిడ కూడా మౌనంగానే నడిచింది. ఆమె తాతగారు కోలారు బంగారు గనుల్లో పనిచేశారు. కుప్పం నుండి బంగారుపేట వెళ్ళి, అక్కడ మారికుప్పం బండి ఎక్కితే ఆ గనులే. 1880లలో ఇంగ్లండు కంపెనీ అక్కడ పెద్ద ఎత్తున తవ్వకం మొదలుపెట్టింది. కార్న్‌వాల్ నుండి గని పనివారు బల్లారాట్‌కు వచ్చినట్లే కోలారుకూ వచ్చారు. రాతిని తొలిచే పనికి చిత్తూరు, ఉత్తర ఆర్కాటు ప్రాంతాల తెలుగువారు, తమిళులు దిగారు. ఆ గని 3 కిలోమీటర్లకు పైగా లోతుకు పోయింది. 2001లో మూసేశారు. ముప్పయ్యేళ్ళు దిగి ఎక్కిన తాతగారి వేలికి బంగారు ఉంగరం ఏనాడూ లేదని ఆమె కూతురితో చెప్పింది. "మరి బంగారమంతా ఏమైంది?" అని ఆ పిల్ల అడిగింది. "ఓడెక్కింది, తల్లీ."

పైకి వచ్చాక ఎర్ర కోట్ల సిపాయిలు తుపాకులు పేల్చి చూపించారు. బంగారం దొరికినా దొరకకపోయినా పన్ను కట్టి చీటీ తీసుకోవాలన్న నిబంధన మీద గని పనివారు తిరగబడ్డారు. 1854 డిసెంబరు 3న యురేకా కోట దగ్గర కాల్పులు జరిగాయి. రాజద్రోహ నేరం మోపి 13 మందిని విచారించగా అందరూ నిర్దోషులుగా బయటపడ్డారు. వారిలో మొదట విడుదలైనవాడు జాన్ జోసెఫ్ అనే అమెరికా నల్లజాతీయుడు. ఇక్కడ పిల్లలంతా చప్పట్లు కొట్టారు.

చైనావారి గుడారాల దగ్గర చప్పట్లు లేవు. 1855లో విక్టోరియా ప్రభుత్వం చైనా నుండి వచ్చే ఒక్కొక్కరి మీద 10 పౌన్ల పన్ను వేసింది. అది తప్పించుకోవడానికి ఓడలు పొరుగు రాష్ట్రంలోని రోబ్ రేవులో వారిని దింపేవి. అక్కడినుండి గనుల దాకా 400 కిలోమీటర్లకు పైగా కాలినడకే. వేలమంది అలా నడిచారు.

"అమ్మా, అప్పుడు మనం వచ్చుంటే కట్టేవాళ్ళమా?" అని కుప్పం ఆవిడ కూతురు అడిగింది. చట్టంలో ఉన్నది చైనావారి పేరేనని చెప్పాము. పక్కనే ఉన్న స్నేహితురాలి అమ్మమ్మ తాతయ్యలు చైనా నుండి వచ్చినవారు. "అయితే నేను కట్టాలి, నువ్వు కట్టక్కరలేదా?" అన్నది ఆ పిల్ల. పదేళ్ళ పిల్లలకు ఎంతవరకు చెప్పాలా అని మేము ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాము. ఉన్నదున్నట్లు చెప్పడమే మేలనిపించింది. 1901లో వచ్చిన చట్టం మనలాంటివారినీ ఆపిందని, రేవులో దిగినవారికి రాని యూరప్ భాషలో డిక్టేషన్ పరీక్ష పెట్టి వెనక్కి పంపగలిగేవారని, ఆ పరీక్షను 1958లోనే తీసేశారని చెప్పాము. మా అమ్మాయిలిద్దరూ, ఆ స్నేహితురాలూ కాసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత కుప్పం ఆవిడ కూతురు, "సరే, నేనూ రోబ్ నుండే నడుస్తాను" అన్నది.

ఆమె ఏమి అనుకున్నదో రాత్రి బసలో తెలిసింది. 1850లలో ఇక్కడికి వచ్చిన పిల్లల్లా ఊహించుకొని ఇంటికి ఉత్తరం రాయమని టీచరు చెప్పారు. చాలామంది ఉత్తరాలు ఐర్లండుకో, స్కాట్లండుకో వెళ్ళాయి. ఈ పిల్ల తన ఉత్తరం తెలుగులో రాసింది. రోబ్ నుండి స్నేహితురాలితో కలిసి నడుస్తున్నదట. కాలం లెక్క కుదరదని మాకు తెలుసు. కుదరవలసిన పనీ లేదు. ఆలయంలో ఆదివారం తరగతిలో నేర్చిన అక్షరాలు వంకరగా ఉన్నాయి, 'కుప్పం'లో పకార వత్తు లేదు.

"ముత్తాతకు నమస్కారం. ఇక్కడి గని చిన్నది. మీది చాలా లోతని అమ్మ చెప్పింది. కాళ్ళు నొప్పిగా ఉన్నాయి. బంగారం కొంచెమే దొరికింది. మీకు పంపుతాను."

టీచరు చదివి వినిపించమంటే నిలబడి తెలుగులోనే చదివి, ఆ తరువాత ఇంగ్లీషులో అర్థం చెప్పింది. కూర్చున్నాక తల్లి వైపు తిరిగి, వత్తు ఎక్కడ పెట్టాలని మెల్లగా అడిగింది.