కట్టువారొకరు, చెల్లించువారొకరు

ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు అని సామెత. కాని ఇంటి ఖర్చు గృహప్రవేశముతో తీరునది కాదు. నెలకొకసారి కరెంటు బిల్లు రూపమున అది గుమ్మమునొద్దకు వచ్చుచునే యుండును. బిల్లు పెరిగిన నాడు మన యిండ్లలో జరుగు తంతు సోదరీమణులకు తెలియనిది కాదు. దీపమార్పలేదని పిల్లలను కసరుదుము. ఫ్యాను వృథాగా తిరుగుచున్నదని ఇల్లాలి మీద మాట పడును. పొదుపు మంచిదే. అయినను ఆ బిల్లులో పెద్దభాగము పైకప్పు వేసిన నాడును, యంత్రము కొన్న నాడును నిర్ణయమైపోయినదని లెక్క వేసి చూచిన పిమ్మట మాకు తోచినది.

ఆ లెక్క యిది. పాతరకపు సీలింగు ఫ్యాను సుమారు 75 వాట్లు వాడును. ఇప్పుడు వచ్చుచున్న బీఎల్‌డీసీ ఫ్యాను దాదాపు అంత గాలినే 30 వాట్లతో నిచ్చును. దినమునకు 15 గంటల చొప్పున ఏటికి 300 దినములు తిరిగినచో మొదటిది 337 యూనిట్లును, రెండవది 135 యూనిట్లును ఖర్చు చేయును. ఒక్క ఫ్యానునకే 200 యూనిట్ల భేదము. మూడు ఫ్యానులున్న యింట 600 యూనిట్లు. వాడకము పెరిగినకొలది శ్లాబు మారి యూనిట్టు ధర కూడ పెరుగును గదా! ఇంత మొత్తము మీటలార్పుట చేతనే మిగులునా?

అందుచేతనే ప్రభుత్వములు యంత్రములకు ప్రమాణములు విధించుచున్నవి. మన దేశమున 2001లో ఇంధన పొదుపు చట్టము వచ్చెను. దాని ననుసరించి ఏర్పడిన సంస్థ 2006లో నక్షత్రముల చీటీని ప్రవేశపెట్టెను. ఏసీలకును, ఫ్రాస్ట్‌ఫ్రీ ఫ్రిజ్జులకును ఆ చీటీ తప్పనిసరి. 2023 జనవరి నుండి సీలింగు ఫ్యానులకును తప్పనిసరియైనది. కనీసము ఒక్క నక్షత్రమైనను దక్కని యంత్రము అంగడిలోనికి రాకూడదనుటయే యిందలి సారము. ఈ కొలతను అప్పుడప్పుడు బిగించుచుందురు. 2022 జూలైలో అట్లు బిగించినప్పుడు అంతకుముందటి అయిదు నక్షత్రముల ఏసీ నాలుగింటికి దిగినది. కావున నక్షత్రములను మాత్రమే లెక్కించుట చాలదు. చీటీ మీది సంవత్సరమును, ఏడాదికగు యూనిట్లను కూడ చదువవలెను.

ప్రమాణముల వలన ఫలమేమని యడుగువారికి అమెరికా ఫ్రిజ్జుల కథ చెప్పవచ్చును. 1970 దశకము నడుమ అచ్చటి క్రొత్త ఫ్రిజ్జు సగటున ఏటికి సుమారు 1800 యూనిట్లు వాడెడిది. కాలిఫోర్నియా రాష్ట్రము ఆ దశకముననే పరిమితి విధించెను. ఆర్థర్ రోజెన్‌ఫెల్డ్ అను భౌతికశాస్త్రవేత్త యిట్టి ప్రమాణముల కొఱకు చిరకాలము పాటుపడెను. పిమ్మట దేశమంతటికిని వర్తించు ప్రమాణములు 1990, 1993, 2001 సంవత్సరములలో అమలునకు వచ్చెను. వాడుక 500 యూనిట్ల దరికి దిగెను. ఫ్రిజ్జులు చిన్నవి కాలేదు సరికదా, పెద్దవైనవి.

యంత్రమును మార్చుకొనవచ్చును, ఇంటిని మార్చుట యెట్లు? మేము విజయవాడలో పై అంతస్తున అద్దెకుండిన నాళ్లలో మధ్యాహ్నపుటెండకు కాగిన శ్లాబు నడిరేయి వఱకు సెగలు క్రక్కెడిది. పడమటి గోడకానుకొని వంటిల్లు. ఏసీ పెట్టినను అది గదిని చల్లార్చుటకంటె కప్పుతో పోరాడుటకే ఎక్కువ కరెంటు వాడెడిది. కప్పు మీద తెల్లని పూత వేయింపుమని యజమానుని కోరితిమి. ఆయన నవ్వి ఊరకుండెను. ఆయనకేల? బిల్లు చెల్లించువారము మేము. పొయ్యి యెదుట ఉడుకువారము మేము. కట్టువారొకరు, చెల్లించువారొకరు అయిన చోట బేరము చేత న్యాయము జరుగదు. కట్టునాడే చట్టము నడుమ నిలువవలెను.

అట్టి నియమావళి మనకును కలదు. 2018లో నివాసగృహముల కొఱకు ఎకో నివాస్ సంహిత వెలువడెను. గోడల ద్వారాను, కిటికీల ద్వారాను లోనికి వచ్చు వేడి చదరపు మీటరునకు 15 వాట్లు మించరాదనియు, కప్పునకు వేరుగా హద్దుండవలెననియు, గాలి వచ్చుటకు తగినన్ని తెరపులుండవలెననియు అది చెప్పుచున్నది. అయితే రాష్ట్రములు తమ భవన నిబంధనలలో చేర్చుకొన్నప్పుడే యిట్టి దానికి బలము. తెలంగాణము 2023లో కూల్ రూఫ్ విధానమును ప్రకటించి, 600 చదరపు గజములును ఆపైనను గల స్థలములలోని నివాసములకు చల్లని కప్పును తప్పనిసరి చేసెను. అంతకు చిన్నవాటికి ఐచ్ఛికము. ఇందలి ధర్మము మనకు క్రొత్త కాదు. మిద్దె మీద సున్నము పూయించుట, గోడకు ఎండ తగులకుండ పంచ దించుట మన పూర్వులెఱిగినవే.

ప్రమాణములు బిగించిన వెలలు పెరిగి పేదలకు భారమగునని కొందఱందురు. ఆ మాట త్రోసివేయదగినది కాదు. వేసవిలో నెలదినములు మాత్రమే ఏసీ వాడు వారికి మూడు నక్షత్రములదే చాలవచ్చును. కాని దీపముల సంగతి చూడుడు. 60 వాట్ల పాత బల్బు వెలుగును 9 వాట్ల ఎల్‌ఈడీ యిచ్చును. 2015 నుండి ఉజాలా పథకము క్రింద వానిని పెద్దమొత్తమున కొనుటచే కొలదియేండ్లలోనే ధర దిగి, పేదయింటికిని చేరినవి.

మన దేశమున ఏసీ లేని యిండ్లే యిప్పటికిని అధికము. రాబోవు ఇరువదియేండ్లలో కొనబోవు యంత్రములును, కట్టబోవు యిండ్లును నాసివైనచో, సూర్యశక్తి యుండని వేసవి రాత్రులందు అందఱి ఏసీలును ఒక్కమారే తిరుగును. ఆ భారమును మోయుటకు క్రొత్త కేంద్రములు కట్టవలయును; ఆ ఖర్చు మరల మన బిల్లులోనికే వచ్చును.

కావున సోదరీమణులారా, ఇల్లు కట్టించునాడు ప్లాను మీద మీరును కూర్చుండుడు. వంటిల్లు ఏ దిక్కున నున్నది, కప్పునకేమి పూత, గాలి యెటు వచ్చి యెటు పోవును అని మేస్త్రీ నడుగుడు. అద్దెయింటికి పోవునప్పుడు మధ్యాహ్నము మూడుగంటలకు పోయి చూడుడు. అంగడిలో వెలతోపాటు యూనిట్లను చదువుడు. ఇంటిలోని వేడిని దినమెల్ల భరించువారికి ఆ యింటి కొలతలలో మాట యుండుట న్యాయము.