గురకకీ పెన్షనుకీ ఏమిటి సంబంధం?

మిలిటరీ మెడికల్ బోర్డు కాగితాల్లో 'నానా' అని ఒక మాట కనబడుతుంది. మన నానా అవస్థల్లోని నానా కాదు లెండి, కానీ చివరికి తీసుకెళ్ళేది అక్కడికే. నైదర్ అట్రిబ్యూటబుల్ నార్ యాగ్రవేటెడ్. అంటే ఈ జబ్బు సర్వీసు వల్ల రాలేదు, సర్వీసు వల్ల ముదరనూ లేదు అని. ఈ ముద్ర పడిందంటే డిజబిలిటీ పెన్షన్ రానట్టే.

మా మామ కాగితం మీద ఆ ముద్ర పడింది. ఆయనది రాజంపేట దగ్గర పల్లె. ఇరవై నాలుగేళ్ళు చేసి 2016లో హవల్దారుగా దిగిపోయాడు. వచ్చేముందు మెడికల్ బోర్డు వాళ్ళు అబ్‌స్ట్రక్టివ్ స్లీప్ ఆప్నియా అని జబ్బు పేరు రాసి, 20 శాతం, జీవితాంతం అని రాసి, కారణం అనే గడిలో ఒకే ఒక్క వాక్యం పెట్టారు: శరీరతత్వం వల్ల వచ్చినది, సర్వీసుతో సంబంధం లేదు. ఎందుకు లేదో రాయలేదు. మన దగ్గర ఎవరైనా బగ్‌ని ఇలా 'మాది కాదు' అని ఒక్క ముక్క రాసి మూసేస్తే ఊరుకుంటామా?

మామ ఊరుకున్నాడు. అప్పీలు చేద్దామంటే, "ఏంది అబ్బీ, గురక పెట్టినందుకు గవర్నమెంటు దుడ్లిస్తాదా? వింటే నలుగురూ నవ్వుతారు" అనేవాడు. అసలు అడ్డంకి ఇదే అని నాకనిపిస్తుంది. కాలు పోయినవాడిని చూసి ఎవరూ నవ్వరు. గురక మాత్రం జోకు.

మన ఐటీ వాళ్ళకి ఈ జబ్బు కొత్తేం కాదు, సీప్యాప్ మిషను పక్కన పెట్టుకుని పడుకునేవాళ్ళు మీ టీములోనే ఉండొచ్చు. నిద్రలో గొంతు దారి మూసుకుపోయి ఊపిరి పది సెకన్లో ఇంకా ఎక్కువో ఆగిపోతుంది, రక్తంలో ఆక్సిజన్ పడిపోతుంది, మెదడు ఉలిక్కిపడి సగం లేపుతుంది. గంటకి 30 సార్లు దాటితే తీవ్రమైనది అంటారు. పొద్దున లేస్తే నిద్రపోయినట్టే ఉండదు. బీపీ, గుండె జబ్బు వెనకాలే వస్తాయి.

సరే, చట్టం సంగతి. 2013లో ధరమ్‌వీర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది ఏమిటంటే, చేరేటప్పుడు జబ్బు ఉన్నట్టు రికార్డులో రాయకపోతే ఆ మనిషి ఆరోగ్యంగానే చేరాడని అనుకోవాలి, తర్వాత వచ్చినదానికి సర్వీసుతో సంబంధం లేదని నిరూపించాల్సింది ప్రభుత్వమే. ఛాతీ కొలిచి, బరువు తూచి, పళ్ళు కూడా లెక్కపెట్టి తీసుకున్నది వాళ్ళే కదా! అది 1982 నిబంధనల మీద వచ్చిన తీర్పు, 2008లో నిబంధనలు మారాయి, ఆ వాదన నాకూ తెలుసు. అయినా 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు, షుగరు వచ్చిన ఒక సుబేదారు కేసులో, పీస్ స్టేషన్లో ఉన్నప్పుడు బయటపడింది కాబట్టి సంబంధం లేదనడం చాలదంది. అదే ఏడు మే నెలలో సుప్రీంకోర్టు రాజుమోన్ కేసులో బోర్డు కారణాలు రాసితీరాలంది.

అమెరికాలో లెక్క వేరు. అక్కడి వెటరన్స్ విభాగంలో ఈ జబ్బుకి 6847 అని కోడే ఉంది. సీప్యాప్ అవసరమైతే 50 శాతం అనేది చాలా ఏళ్ళుగా నడిచింది, 2022లో దాన్ని బిగించాలని ప్రతిపాదించారు. నాకు నచ్చింది ఇంకోటి. సర్వీసులో ఉండగా పరీక్ష జరగకపోయినా, 'వీడు రాత్రిళ్ళు ఊపిరాడక లేచేవాడు' అని పక్క మంచం వాడు రాసిచ్చిన కాగితాన్ని కూడా సాక్ష్యంగా చూస్తారు. నిద్రలో మనిషికి ఏం జరుగుతుందో పక్కవాడికే కదా తెలిసేది.

అందరి స్లీప్ ఆప్నియా సర్వీసు వల్లే వచ్చిందని నేననను. వయసు, బరువు, మెడ లావు అన్నీ కారణాలే. జీవనశైలి జబ్బులతో డిజబిలిటీ పెన్షన్లు పెరిగాయని కాగ్ 2023లో ఎత్తిచూపింది (అందులో జవాన్ల కంటే ఆఫీసర్ల శాతమే ఎక్కువ, అది మాత్రం ఎవరూ గట్టిగా అనరు). 2023 సెప్టెంబరు తర్వాత దిగిపోయేవాళ్ళకి నిబంధనలు ఇంకా బిగించారు. ఇవ్వకూడదనుకుంటే ఇవ్వొద్దు. ఏళ్ళ తరబడి రాత్రి గార్డు డ్యూటీలు చేసి, ముక్కలు ముక్కలుగా నిద్రపోయిన మనిషికి జబ్బు ముదిరిందా లేదా అన్నదానికి మాత్రం జవాబు రాయండి.

డబ్బు తక్కువేం కాదు. నూరు శాతం వైకల్యానికి ఆఖరి జీతంలో 30 శాతం ఇస్తారు. జీతం 40,000 అనుకుంటే 20 శాతానికి నెలకి 2,400. 2014 రామ్ అవతార్ తీర్పు ప్రకారం 50 కంటే తక్కువున్నది 50కి పెంచి చూస్తారు, అంటే 6,000, పైన డీఆర్. ఏడాదికి 72,000. ఆలస్యంగా వెళితే కేసు తీసుకుంటారు గానీ, 2008 తర్సేమ్ సింగ్ తీర్పు వల్ల బకాయిలు మూడేళ్ళవే. నవ్వుతారని మామ ఊరుకున్న మిగతా ఏళ్ళవి పోయినట్టే.

మా రాజంపేటలో కువైట్ వీసా సంగతులు చెప్పేవాళ్ళు వీధికొకరు దొరుకుతారు. అప్పీలు సంగతి చెప్పేవాళ్ళు నాకొక్కరూ దొరకలేదు. సమాచార హక్కు కింద బోర్డు కాగితాలు తెప్పించాం, మీ ఇంట్లో మాజీ సైనికుడుంటే మీరూ తెప్పించి ఆ కారణం గడి చదవండి. మొదటి అప్పీలుకి ఆరు నెలల గడువు ఎప్పుడో దాటిపోయింది కాబట్టి ఆలస్యం మాఫీ అడుగుతూ చెన్నైలో సాయుధ దళాల ట్రిబ్యునల్‌కి వెళ్ళాం. మామతో ఒకే బ్యారక్‌లో ఉన్న ఒకాయన హిందీలో ఒక పేజీ రాసి పంపాడు. ఊపిరి ఆగిందనిపించినప్పుడల్లా కాలితో తన్ని లేపేవాడినని అందులో రాశాడు. అది చదివి మామ, "ఆ తన్నిండేది వీడా!" అన్నాడు :)

వచ్చే నెల వాయిదా. చెన్నై బండికి ఇద్దరికీ టికెట్లు తీశాను. ఆ పేజీని హిందీ నుంచి ఇంగ్లీషులోకి మార్పించి నోటరీ చేయించడం ఇంకా మిగిలుంది.