రూకకే కమ్మని భోజనం!

సైనిక్‌పురి నుంచి ఘట్‌కేసర్‌ మీదుగా బయల్దేరితే మూడు గంటల్లో ఓరుగల్లు కోట. తోరణాల ముందు ఫొటోలు దిగి వెనుదిరిగేవాళ్లే ఎక్కువ. రాజుల సంగతి సరే, ఆ వీధుల్లో మామూలు జనం ఏం తినేవారో? జపాన్‌ చరిత్రకారుడు అబే కిన్యా 1974లో, వేణువూది ఎలుకల్ని రప్పించిన హామెలిన్‌ కథ పట్టుకుని మధ్యయుగ జర్మనీ సామాన్యుల బతుకులు వెతికారు. అంతకు పాతికేళ్ల ముందే, 1949లో, సురవరం ప్రతాపరెడ్డి 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర'లో మనకోసం ఆ పని చేసిపెట్టారు. ఆయన తరచి చూసిన కావ్యాల్లో 'క్రీడాభిరామం' ఒకటి. ఇద్దరు మిత్రులు కోడిపందేలూ పొట్టేళ్ల పోట్లాటలూ చూస్తూ ఓరుగల్లంతా తిరుగుతారు. పూటకూళ్లింట ఒక్క రూకకే సన్నబియ్యం అన్నం, పెసరపప్పు, అప్పుడే కాచిన నెయ్యి, అరటిపళ్లు, నాలుగైదు నంజుళ్లు, గడ్డపెరుగు! కోటలో నాలుగు తోరణాలూ నిలిచే ఉన్నాయి. ఆ లక్ష్మణవజ్ఝల ఇంటిని మాత్రం పద్యంలోనే వెతుక్కోవాలి.