ఉపకారవేతనం

పరిశోధన చేసే విద్యార్థికి ప్రభుత్వం నెలనెలా ఇచ్చే డబ్బుకు మనవాళ్లు ఉపకారవేతనమని పేరు పెట్టారు. ఎవరు ఎవరికి చేస్తున్న ఉపకారమిది? తెలుగు పాఠాలు చెప్పుకు బతికే నాకు ఈ సమాసం మొదటినుంచీ కంటగింపుగానే వుంది. మా తమ్ముడు రసాయనశాస్త్రంలో డాక్టరేటు నాలుగో ఏట వదలి ఉద్యోగాల వేటలో పడ్డాక దాని అసలర్థం బయటపడింది.

వదలడానికి కారణాలు సామాన్యమైనవే. పర్యవేక్షకుడు మరో పదవికి వెళ్లిపోయాడు. ఇంట్లో అప్పుమీద వడ్డీ పెరుగుతున్నది. సి.ఎస్.ఐ.ఆర్. ఫెలోషిప్ గడువు మొత్తం అయిదేళ్లు. 2023 జనవరి నుంచి మొదటి రెండేళ్లూ నెలకు 37,000, ఆపైన 42,000 రూపాయలు. ఇదేమంత తక్కువ అనే పెద్దలున్నారు. కాని అది జీతం కాదు గనక భవిష్యనిధి లేదు. ఆదివారాలు కూడా ప్రయోగశాలలో నిలబడినవాడు శ్రామికుడు కాడు, ఉపకారం పొందినవాడు!

నగర శివారులో ఒక మందుల కంపెనీ అధికారి "ఎమ్మెస్సీ తర్వాత నాలుగేళ్లు ఏం చేశారు?" అని అడిగాడట. వీడు చెప్పాడు. "పట్టా లేదుగా" అని ఆయన కాగితం మీద 'ఫ్రెషర్' అని రాసుకున్నాడు. మరి ఏ పనిలో పెట్టారు? మిశ్రమాన్ని కాలమ్‌లో పోసి విడదీయడం, ఎన్.ఎం.ఆర్. గీతలు చదివి అణువు రూపం చెప్పడం. అవి ఆ నాలుగేళ్లలో చేయి తిరిగిన పనులే. జీతం మాత్రం వదులుకున్న ఉపకారవేతనం కన్నా తక్కువ.

ఇది ఒక్క యజమాని దుర్బుద్ధి కాదు. 1961లో ఏర్పడిన ప్రభుత్వరంగ సంస్థ ఐ.డి.పి.ఎల్. హైదరాబాదు కర్మాగారంలో ఎందరో రసాయనికులు పని నేర్చారు. 1970 పేటెంటు చట్టం మందు మీద కాక తయారీ పద్ధతి మీదనే హక్కు ఇచ్చింది. దాంతో అదే మందుకు కొత్త దారి కనిపెట్టగల రసాయనికుడు పెట్టుబడికి బంగారమైనాడు. ఐ.డి.పి.ఎల్.లో పనిచేసిన అంజిరెడ్డిగారు 1984లో సొంత కంపెనీ స్థాపించారు. ఆయన ప్రతిభను కాదనడం నా ఉద్దేశం కాదు. విద్యకు ఖర్చు ప్రజలది, ఫలం కంపెనీలది అన్న సంగతి చెబుతున్నాను. 2005లో మందుమీద పేటెంటు తిరిగివచ్చాక కూడా ఈ లెక్క మారలేదు.

"కాలేజీలో చేరకపోయాడా?" అంటారు నా సహోద్యోగులు. అసిస్టెంటు ప్రొఫెసరు పదవికి డాక్టరేటు లేకున్నా నెట్ చాలునని 2023 జులైలో యు.జి.సి. నిబంధన సవరించింది. వాడికి నెట్ వుంది. లేనివి శాశ్వత పోస్టులు. దొరికేవి గంటకింతని కట్టే అతిథి అధ్యాపక కొలువులు. అతిథికి గంటల లెక్కన కూలి కట్టే మర్యాద మన కాలేజీలకే చెల్లింది.

"చిన్నవాడు చదువు మానేశాడు" అని అమ్మ చుట్టాలతో అంటే, "మానలేదమ్మా, ఉద్యోగం మారాను" అని వాడు దిద్దుతాడు. చేసిన పనికి అనుభవపత్రం ఇమ్మని పరిశోధనాలయానికి రెండుసార్లు రాశాడు. జవాబుగా ఉపకారవేతనం ముట్టిన నెలల పట్టిక వచ్చింది.