రెండు పేర్ల గడప

కడపకు ఆ పేరు గడప నుంచే వచ్చిందంటారు. తిరుమల వెళ్లేవాళ్లు ముందుగా దేవుని కడపలో ఆగి దణ్ణం పెట్టుకుని కొండదారి పట్టేవాళ్లట. కొండల ముందున్న ఊళ్లకు ఈ గడప హోదా ఎక్కడైనా ఉంటుంది, దాంతోపాటు కాస్త చిన్నచూపూ ఉంటుంది. దాటిపోయేవాళ్లే తప్ప కూర్చునేవాళ్లు తక్కువ. ఇటలీ ఉత్తరపు అంచున, డోలమైట్ కొండలకు అలాంటి గడప బోల్జానో. చాలామంది ఇక్కడ రైలు దిగి, బస్సు మారి, మంచు శిఖరాల వైపు వెళ్లిపోతారు. ఓ చిన్న బసలో మూడు రాత్రులు గడిపినవాళ్లకు మాత్రం ఊరు తన లోపలి గదులు చూపిస్తుంది.

వెరోనా నుంచి రైల్లో సుమారు గంటన్నర. అడిజె నది లోయ ఇరుకవుతూ వస్తుంది. కిటికీకి రెండువైపులా ముందు ఆపిల్ తోటలు, వాటిపైన ద్రాక్ష మెట్లు, ఆ పైన ఎర్రటి రాతిగోడలు. స్టేషన్‌లో పేరు పలక రెండు భాషల్లో ఉంటుంది. ఇటాలియన్‌లో బోల్జానో, జర్మన్‌లో బోట్సెన్. కొండల ఊరు కదా అని జులైలో స్వెట్టర్‌తో దిగినవాళ్లకు చెమటలు పడతాయి. ఊరున్న ఎత్తు 262 మీటర్లే. చుట్టూ కొండలు, మధ్యలో గిన్నెలా ఊరు. వేసవిలో ఇటలీలోని అతి వేడి నగరాల జాబితాలో దీని పేరు తరచూ కనిపిస్తుంది.

ఇక్కడ చిన్న బసల మీద ‘గార్ని’ అన్న మాట కనిపిస్తుంది. పడక, పొద్దుటి ఫలహారం ఇస్తారు, మధ్యాహ్న భోజనం, రాత్రి భోజనం ఉండవని దాని అర్థం. హోటల్ కంటే ఇల్లే నయమనిపించే రకం. కింద యజమాని కుటుంబం, పైన పదో పన్నెండో గదులు, గుమ్మం దగ్గర జెరేనియం పూల తొట్లు. ఇంటావిడ ముందు జర్మన్‌లో పలకరించి, అతిథి మొహం చూసి ఇటాలియన్‌లోకి, అదీ దొరక్కపోతే ఇంగ్లిష్‌లోకి మారిపోతుంది. పాస్‌పోర్టు అడిగితే నొచ్చుకోనక్కర్లేదు. ఇటలీలో రాత్రి బస ఇచ్చిన ప్రతివారూ అతిథి వివరాలు 24 గంటల్లోగా పోలీసులకు పంపాలన్నది చట్టం. మనిషికి, రాత్రికి ఇంత అని చిన్న పన్ను ఉంటుంది. దానికి బదులు దక్కేది దొడ్డదే. చాలా బసలు ఇచ్చే అతిథి పాస్ చేతిలో ఉంటే, ఉన్నన్నాళ్లూ జిల్లా బస్సులూ లోకల్ రైళ్లూ ఉచితం.

గదిలో జంట మంచం ఉంటుంది గానీ దుప్పట్లు రెండు. ఎవరి రజాయి వారిది, అర్ధరాత్రి లాగుడు గొడవ లేదు. స్నానాల గదిలో కమోడ్ పక్కన బిడే కనిపిస్తుంది. ఇళ్లలో అది తప్పనిసరిగా ఉండాలని 1975లో ఇటలీ ప్రభుత్వం ఉత్తర్వే ఇచ్చింది. పారిస్‌లోనూ మ్యూనిక్‌లోనూ కాగితంతో కాలం గడిపి వచ్చిన తెలుగు యాత్రికుడికి ఇంతకు మించిన స్వాగతం లేదు.

ఫలహారం బల్ల మీద జున్ను, ఆపిల్ రసం, పండ్ల జామ్‌లు, పల్చగా కోసిన ‘స్పెక్’ అనే పొగబట్టిన పంది మాంసం ఉంటాయి. మన నాలుకకు ఆశ్చర్యం కలిగించేది రొట్టె. రై పిండితో చేసిన ‘షుట్టెల్‌బ్రోట్’ అప్పడంలా పలచగా, చెక్కలా గట్టిగా ఉంటుంది. కొరికితే సోంపు, సీమ జీలకర్ర, వాటి వెనక ఎక్కడో మెంతి వాసన. అది భ్రమ కాదు. ఆల్ప్స్ పల్లెల్లో రొట్టెపిండిలో కలిపే ఆకు నీలి పూల మెంతి, మన మెంతికి దగ్గరి చుట్టం. కొండల్లో కొన్ని పల్లెలు ఏడాదికి రెండు మూడుసార్లే రొట్టె కాల్చి, నెలల తరబడి దాచుకునేవి. అందుకే ఈ గట్టిదనం.

శాకాహారులకు ఇక్కడ ఆకలి బాధ లేదు, కాస్త అడిగి తెలుసుకునే ఓపిక ఉండాలి, అంతే. పాత రొట్టె ముక్కలతో చేసే ఉండల్లో మామూలుగా స్పెక్ వేస్తారు. పాలకూరతో, జున్నుతో చేసేవీ ఉంటాయి. ‘ష్లుట్స్‌క్రాఫెన్’ అయితే చూడగానే కజ్జికాయ గుర్తొస్తుంది. అదే అర్ధచంద్రాకారం. లోపల కొబ్బరి, బెల్లం బదులు పాలకూర, రికోట్టా జున్ను, పైన కరిగించిన వెన్న.

బాటసారికి పక్క వేసి, పెట్టి, లెక్క తేల్చుకోవడం ఈ ఊరికి నిన్నమొన్నటి వృత్తి కాదు. ఆల్ప్స్‌ను దాటే దారుల్లో సులువైన వాటిలో ఒకటైన బ్రెన్నర్ కనుమ ఎత్తు 1,370 మీటర్లే. దక్షిణాన వెనిస్, ఉత్తరాన ఆగ్స్‌బర్గ్ వర్తకులు మధ్యలో ఇక్కడ కలిసేవాళ్లు. వాళ్లకోసం సంతలు జరిగేవి. వానొచ్చినా బేరం ఆగకుండా కమానుల కింద అంగళ్ల వీధి పుట్టింది. ఆ వీధి ఇప్పటికీ ఊరి నడిబొడ్డు. రెండు భాషల వర్తకుల మధ్య తగాదాలు తప్పవు కాబట్టి, 1635లో ఈ ఊరున్న టిరోల్ ప్రాంత పాలకురాలు క్లాడియా దే మెదిచి ఒక వర్తక న్యాయస్థానం ఏర్పాటు చేసింది. అందులో జర్మన్, ఇటాలియన్ న్యాయమూర్తులకు సమాన స్థానం. దాని భవనం ఇప్పుడు మ్యూజియం.

వీధి చివర పండ్ల బజారులో ఒక నెప్ట్యూన్ విగ్రహం ఉంది. చేతిలో త్రిశూలం పట్టుకున్న సముద్ర దేవుణ్ణి ఊరివాళ్లు ‘ఫోర్కు పట్టుకున్న పూటకూళ్లాయన’ అని పిలుచుకుంటారు. సముద్రం ఎరుగని ఊరిది. ఆ భంగిమలో దేవుడు వాళ్లకు వడ్డనకు సిద్ధమైన సత్రం యజమానిలా కనిపించడంలో వింతేముంది?

ఇక ఆ రెండు పేర్ల సంగతి. తలుపు మీద, బస్సు మీద, మందుల చీటీ మీద, చెత్తకుండీ మీద ప్రతి మాటా రెండుసార్లు రాసి ఉంటే యాత్రికుడికి ముచ్చటగా ఉంటుంది. ముచ్చట వెనక వందేళ్ల గాయం ఉంది. మొదటి ప్రపంచ యుద్ధం దాకా ఈ ప్రాంతం ఆస్ట్రియాది, జనం మాట్లాడేది జర్మన్. 1919 ఒప్పందంతో ఇటలీకి దక్కింది. ముస్సోలినీ వచ్చాక జర్మన్ బళ్లు మూతపడ్డాయి. ఎత్తోరె తోలొమెయి అనే ఆయన కూర్చుని వేలాది ఊళ్లకు, వాగులకు, కొండలకు ఇటాలియన్ పేర్లు కల్పించాడు. పిల్లలకు సొంత భాష నేర్పడానికి టీచర్లు దొంగచాటుగా ఇళ్లలో బళ్లు నడిపారు. 1930లలో ఊరికి దక్షిణాన కర్మాగారాలు కట్టి, ఇటలీ నలుమూలల నుంచి కార్మికులను తెచ్చారు. 1939లో హిట్లర్, ముస్సోలినీ కలిసి ఇక్కడి జర్మన్ కుటుంబాల ముందు ఒక ప్రశ్న పెట్టారు: భాష కావాలా, ఊరు కావాలా? భాష కావాలంటే జర్మనీకి వెళ్లిపోవాలి, ఊరు కావాలంటే ఇటాలియన్లుగా మారాలి. 80 శాతానికి పైగా జర్మనీ వైపు సంతకం పెట్టారు. సుమారు 75,000 మంది నిజంగానే వెళ్లారు. మిగతావాళ్లు వెళ్లేలోపు యుద్ధం తలకిందులైంది.

ఈ పోట్లాటను విగ్రహాల్లో చదవొచ్చు. 1889లో ఊరి మధ్య చౌక్‌లో జర్మన్ మధ్యయుగ కవి వాల్టర్ ఫన్ డెర్ ఫోగెల్‌వైడె విగ్రహం పెట్టారు. దానికి జవాబుగా పక్క నగరం ట్రెంటోలో 1896లో డాంటే విగ్రహం లేచింది. 1935లో ఫాసిస్టులు వాల్టర్‌ను ఓ పక్క పార్కులోకి తరిమారు, 1981లో ఆయన తిరిగి చౌక్‌కి చేరాడు. ఇప్పుడాయన కాళ్ల దగ్గర జనం కాఫీ తాగుతుంటారు. తల్వేరా నది వంతెన దాటితే 1928 నాటి విజయ తోరణం. ఇక్కడి నుంచే మేము మిగతావాళ్లకు భాష, చట్టం, కళలు నేర్పామని లాటిన్‌లో దాని మీద చెక్కి ఉంది. కూల్చాలా ఉంచాలా అని దశాబ్దాలు కొట్టుకున్నారు. ఆ కూడలికి ‘శాంతి’ అని పేరు మారిస్తే, 2002లో ఓటింగ్ పెట్టి మరీ జనం ‘విజయం’ పేరే తిరిగి తెచ్చుకున్నారు. చివరికి 2014లో తోరణం కిందనే దాని కథంతా చెప్పే ప్రదర్శన తెరిచారు, దాని స్తంభాల్లో ఒకదానికి ఉంగరంలా ఎల్‌ఈడీ అక్షరాల పట్టీ తొడిగారు. పాలరాతి ప్రగల్భాలకు ఇంత మర్యాదైన సమాధానం మరో ఊళ్లో దొరకడం కష్టం.

1972 నాటి స్వయంపాలన చట్టం తర్వాత వేడి తగ్గింది. జిల్లా మొత్తమ్మీద జర్మన్ మాట్లాడేవాళ్లు మూడింట రెండొంతులు. బోల్జానో నగరంలో లెక్క తారుమారు, నలుగురిలో ముగ్గురు ఇటాలియన్లు. పక్క లోయల్లో లదీన్ అనే మూడో భాష కూడా ఉంది. ప్రభుత్వ ఉద్యోగాలు భాషా జనాభా దామాషాలో పంచుతారు. బళ్లు వేరు, చాలాచోట్ల ఆటల క్లబ్బులూ వేరు. సామరస్యం అంటే ఇదేనా, పక్కపక్కన గోడ కట్టుకుని మర్యాదగా బతకడమా అని అడిగేవాళ్లూ ఊళ్లోనే ఉన్నారు. ఆ ప్రశ్నలో పస ఉంది.

ఊళ్లోని బసలన్నింటిలోకీ దీర్ఘకాలపు అతిథి ఒకాయన ఉన్నాడు. 1998 నుంచి గది ఖాళీ చెయ్యలేదు. ఆయన పేరు ఓట్సి. 1991 సెప్టెంబర్ 19న, 3,210 మీటర్ల ఎత్తున మంచులోంచి బయటపడ్డ శవాన్ని ఓ జర్మన్ దంపతులు చూశారు. ఎవరో దారితప్పిన పర్వతారోహకుడనుకున్నారు. తీరా చూస్తే వయసు సుమారు 5,300 ఏళ్లు. ముందు ఆస్ట్రియావాళ్లు ఇన్స్‌బ్రుక్ తీసుకెళ్లారు. తర్వాత సరిహద్దు కొలిస్తే, దొరికిన చోటు ఇటలీ లోపలికి 92.56 మీటర్లు అని తేలింది. అంతటి పూర్వీకుడికి కూడా ఈ ప్రాంతంలో ఏ దేశంవాడో తేల్చక తప్పలేదు.

పురావస్తు మ్యూజియంలో ఆయన గది ఉష్ణోగ్రత మైనస్ 6 డిగ్రీలు. చిన్న చదరపు కిటికీలోంచి ఒక్కొక్కరే తొంగిచూడాలి. తేమ తగ్గకుండా అప్పుడప్పుడు నీళ్లు చల్లుతారు, అందుకే ఒళ్లంతా మంచుపొర మెరుస్తుంటుంది. ఒంటి మీద 61 పచ్చబొట్లు, ఎక్కువగా గీతలే. ఎడమ భుజంలో బాణపు ములికి 2001లో గానీ బయటపడలేదు. వెనకనుంచి ఎవరో కొట్టారు. కడుపులో కొండమేక మాంసం, దుప్పి మాంసం, ఓ పాతకాలపు గోధుమ. చావుకు కొద్దిసేపటి ముందే తీరిగ్గా భోంచేశాడన్నమాట. హంతకుడు దొరకని కేసు.

కొండెక్కాలంటే ఊళ్లోంచే తీగబళ్లున్నాయి. వాటిలో కోలెర్న్ గుట్టకు వెళ్లేదాని పుట్టుక వినదగ్గది. జోసెఫ్ స్టాఫ్లర్ అనే సత్రం యజమానికి గుట్ట మీద బస ఉంది, అక్కడికి ఎక్కి రావడానికి అతిథులు బద్ధకించేవాళ్లు. ఆయన తీగమార్గం వేయించి 1908లో చెక్క డబ్బాల్లో జనాన్ని పైకి చేర్చాడు. ప్రయాణికుల తీగబళ్లలో ప్రపంచంలోనే మొదటిదిగా దాన్ని ఇక్కడివాళ్లు చెప్పుకుంటారు. గదులు నిండాలన్న ఆరాటంలోంచి పుట్టిన యంత్రమది.

రెనోన్ పీఠభూమికి వెళ్లేది ఆధునికం. 12 నిమిషాల్లో దాదాపు 950 మీటర్లు ఎక్కిస్తుంది. కింద ద్రాక్ష, మధ్యలో చెస్ట్‌నట్ చెట్లు, పైన దేవదారులు, గాలిలో చలి. బోల్జానో కలవారు ఒకప్పుడు జూన్ 29 నుంచి 72 రోజులు కుటుంబమంతా ఇక్కడికి మకాం మార్చేవాళ్లు. 1907 నాటి చిన్న రైలు ఇంకా నడుస్తోంది. 1911 వేసవిలో సిగ్మండ్ ఫ్రాయిడ్ ఇక్కడి కొల్లాల్బోలో బస చేసి తన పెళ్లి పాతికేళ్ల పండగ జరుపుకున్నాడు. ఆయన పేరిట ఇప్పుడో నడకదారి ఉంది.

రద్దీ ఇప్పుడు వేరే స్థాయిలో ఉంది. జిల్లా జనాభా సుమారు 5.3 లక్షలు, అతిథులు గడిపే రాత్రులు ఏడాదికి 3 కోట్లకు పైనే. అందుకని 2022లో జిల్లా ప్రభుత్వం పర్యాటకుల పడకల సంఖ్యకు పరిమితి పెట్టింది. అతిథి సత్కారంతో బతికే నేల, ఇక చాలని తానే చెయ్యెత్తింది.

సాయంత్రం బస నుంచి నడిచి తల్వేరా గట్టు మీదికి వస్తే, తూర్పున రోజెన్‌గార్టెన్ కొండ వరస కనిపిస్తుంది. పేరుకు అర్థం గులాబీ తోట, అదే పేరున్న శిఖరం ఎత్తు 2,981 మీటర్లు. అక్కడ లౌరిన్ అనే మరుగుజ్జు రాజుకు గులాబీ తోట ఉండేదట. ఆ పూలే తన జాడ శత్రువులకు పట్టించాయన్న కోపంతో, పగలు గానీ రాత్రి గానీ ఎవరికీ కనపడొద్దని శపించాడు. సంధ్యవేళను మరిచిపోయాడు. హిరణ్యకశిపుడి వరంలో మిగిలిపోయిన సందు లాంటిదే ఇదీ. పొద్దు వాలేటప్పుడు ఆ లేతరాతి గోడలు కాసేపు నారింజ, ఆపైన గులాబీ, చివరికి ఊదా రంగులోకి మారతాయి. లదీన్‌లో దీన్ని ‘ఎన్‌రొసదీరా’ అంటారు. గట్టు మీద సైకిళ్లు ఆగుతాయి, రెండు భాషల కబుర్లూ ఆగుతాయి. రంగు ఆరిపోగానే జనం కదులుతారు, ఎనిమిదింటికల్లా వంటిల్లు కట్టేసే భోజనశాలలున్నాయి మరి.